ఎద్దుకు కన్ను తెరిచిన మనిషి

మా ఆయన గురుస్వామి రాళ్లతో మాట్లాడతాడని ఆళ్లగడ్డలో చెప్పుకుంటారు. నన్నడిగితే చెబుతాను, అదంతా ఉత్తదే. ఆయన ఎవరితోనూ మాట్లాడడు. పెళ్లయి నలభై ఒక్క ఏళ్లయింది, ఈ ఇంట్లో మాటలన్నీ నావే. ముప్ఫై ఏళ్లు బడిలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, నోటికి అలవాటు ఉంది కాబట్టి సరిపోయింది. ఇంకొకామె అయితే మొదటి ఏడాదే మూటాముల్లే సర్దుకుని పుట్టింటికి పోయేది.

రోడ్డు పక్కనే మా రేకుల షెడ్డు. ముందు విగ్రహాలు, వెనక ఇల్లు. మా మామగారి కాలంలో ఉలి చప్పుడు ఒక్కటే వినిపించేది, ఇప్పుడు రాతిని కోసే మిషన్ల రొద కూడా తోడైంది. రాతిపొడి చక్కెర డబ్బాలోకి కూడా వచ్చి చేరుతుంది. కొత్త రాయి దించగానే ఈయన దాని ముందు స్టూలు వేసుకుని రెండు రోజులు ఊరికే కూర్చుంటాడు. కొత్త పెళ్లికూతురిగా ఉన్నప్పుడు నాకు అది చూస్తే ఒళ్లు మండేది.

"ఏం చేస్తాండావయ్యా ఆడ కూసోని?" అంటే, "చూస్తాండా" అనేవాడు.

"ఏం కనపడె?"

"ఇంకా ఏం కనపడలే."

మూడో రోజు లేచి బొగ్గుముక్కతో ఒక గీత గీస్తాడు. ఇక అక్కడి నుంచి అన్నానికి మూడుసార్లు పిలవాలి.

విగ్రహానికి ముక్కూ, చెవులూ, నగలూ, వేళ్లూ, గోళ్లూ అన్నీ అయ్యాక చిట్టచివర కన్ను. మా వాళ్ల పద్ధతి అది. కన్ను తెరిచేదాకా అది రాయే. మా ఆయన ఆంజనేయుడి భుజం మీద తువ్వాలు ఆరేసుకుంటాడు, ఎవరూ ఏమీ అనరు. కన్ను తెరిచాక మాత్రం దాని ఎదురుగా కాళ్లు చాపుకుని కూర్చోకూడదు. తెరిచేటప్పుడు శిల్పి పక్కకు జరిగి ఉలి పెడతాడు. తొలి చూపు మనిషి మీద పడకూడదని ఎదురుగా అద్దం పెడతారు, ఆవునూ దూడనూ తోలుకొచ్చి నిలబెడతారు. మా ఆయన తెరిచిన కన్ను చూస్తే ఎవరో పిలిచినట్టు ఉంటుందని గుడుల వాళ్లు అంటారు. ఆ మాట నిజమే. నేను దేవుడి ముందు కంటే ఆయన చేసిన దేవుడి ముందే ఎక్కువ భయపడ్డాను.

పోయిన కార్తీకంలో నంద్యాల నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పేరు వర్షిణి. వాళ్లది తరాలుగా కిరాణా వ్యాపారం చేసే ఇల్లు. ఈ పిల్ల మాత్రం పప్పులూ బెల్లాలూ వదిలేసి, రాతియుగం మనుషులు బండల మీద పొడిచిన బొమ్మల గురించి పీహెచ్‌డీ చేస్తోంది. రాయితో రాయిని పొడిస్తే ఎలాంటి గుర్తు పడుతుందో, ఇనుప ఉలితో కొడితే ఎలాంటి గుర్తు పడుతుందో తెలుసుకోవడానికి వచ్చింది. గైడ్ ఎవరైనా మంచి శిల్పిని అడిగి రమ్మన్నాడట. మా ఆయనకు ఆ ప్రశ్న నచ్చింది. నాతో ఏడాది మొత్తం మీద మాట్లాడినన్ని మాటలు ఆ పిల్లతో ఒక గంటలో మాట్లాడాడు. నేను కాఫీ ఇస్తూ కొంచెం కుళ్లుకున్నాను కూడా.

ఆ పిల్ల లాప్‌టాప్ తెరిచి ఫోటోలు చూపించింది. కొలిమిగుండ్ల దాటాక ఒక గుట్ట మీద నల్లటి పెద్ద గుండు. దాని మీద ఒక ఎద్దు, పెద్ద మూపురం, చంద్రవంకల్లాంటి కొమ్ములు.

"ఈ చుట్టుపక్కల నేను నలభై ఎద్దులు చూసినా తాతా. మూపురం ఉంటాది, తోక ఉంటాది, గిట్టలు గూడా ఉంటాయి. ఒక్కదానికీ కన్ను ఉండదు. దీనికొక్కదానికే ఉంది, చూడండి." ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. "నాలుగు వేల ఏండ్ల కిందట, మన సీమకు అక్షరం రాకముందు, ఒక మనిషికి ఎద్దు తనను చూస్తాందని తోచింది. ఆ తోచిన దాన్ని రాతి మీద పెట్టినాడు. నా థీసిస్ అంతా ఆ చూపు మీదే. మా గైడ్‌కే అనుమానం. కన్ను గుంట మరీ లోతుగా ఉందంటాడు. గట్టి రాయితో పొడిస్తే అంత లోతు వస్తాదా తాతా?"

ఈయన చాలాసేపు ఆ ఫోటో చూశాడు. మిషన్ ఆపి ఉంది కాబట్టి పక్క షెడ్డులో ఉలి చప్పుడు వినిపిస్తోంది. చివరికి, "వస్తాదిలే" అన్నాడు.

ఆ పిల్ల ఆ మాటను పుస్తకంలో రాసుకుంది. శిల్పి చెప్పాడు కాబట్టి ఇక గైడ్ నోరెత్తడని సంబరపడిపోయి, మా ఇద్దరి కాళ్లకూ దండం పెట్టి వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక చూస్తే కాఫీ గ్లాసు ఈయన చేతిలో అలాగే ఉంది, తాగలేదు.

ఆ తర్వాత పది రోజులు ఈయన పని ముట్టుకోలేదు. పగిడ్యాల దగ్గర ఒక ఊరి గుడికి ఆంజనేయుడు తయారై ఎప్పుడో వెళ్లిపోయాడు. శుక్రవారం ప్రతిష్ఠ, ఈయన అక్కడికి వెళ్లి కన్ను తెరవాలి. ఆ గుడి పెద్ద సుందరరాజు రోజూ ఫోన్ చేసి, "ఆచారీ, ముహూర్తానికి ముందే రావాలప్పా" అంటున్నాడు. ఈయన ఊ అంటాడు, ఫోన్ పెట్టేస్తాడు, చేతులు చూసుకుంటూ కూర్చుంటాడు.

పొద్దున్నే కాఫీ దగ్గర కలలు చెప్పడం మొదలుపెట్టాడు. ఎన్నడూ కల చెప్పిన మనిషి కాదు. రోడ్డు మీద రాతిపొడి మంచులా కమ్ముకుని ఉంటుందట. అందులోంచి ఎద్దు మెల్లగా నడిచి వచ్చి మా షెడ్డు ముందు నిలబడుతుందట. దాని గిట్టల చప్పుడు ఉండదు. ఈయన దగ్గరికి వెళ్లి మొహం చూస్తాడు.

"ఒక పొద్దు కన్నుంటాది శాంతా. ఒక పొద్దు ఉండదు. ఉందా లేదా అని చెయ్యి పెట్టబోతే మెలకువ వస్తాంది."

"నీ కలలోకి ఎద్దు గాక ఎవరొస్తారులే," అన్నాను. "కుడితన్నా పెట్టినావా దానికి?"

ఆయన నవ్వలేదు. అప్పుడు నాకు భయం వేసింది. గ్లాసు పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నాను. అడగకుండానే చెప్పాడు.

మా పెళ్లికి ముందు ఏడాది, ఈయనకు ఇరవై మూడేళ్లు. కొలిమిగుండ్ల అవతల ఊళ్లో నంది విగ్రహం నిలపడానికి వాళ్ల నాయనతో వెళ్లాడు. పొద్దున ప్రతిష్ఠ అయింది, మధ్యాహ్నం భోజనాలయ్యాయి, వాళ్ల నాయన కునుకు తీశాడు. ఈయన సంచి భుజాన వేసుకుని గుట్ట ఎక్కాడు. పైన ఆ గుండు, దాని మీద ఆ ఎద్దు. ఎండకు రాయి నుంచి వేడి లేస్తుంటే ఎద్దు ఊపిరి తీస్తున్నట్టు కనిపించిందట. కన్ను ఒక్కటే లేదు. ఎవరో అంతా చేసి, చివరి పని మరిచిపోయి దిగి వెళ్లినట్టు ఉంది. ఈయన సంచిలోంచి సన్న ఉలి తీశాడు. పద్ధతి ప్రకారం పక్కకు జరిగి నిలబడ్డాడు. అద్దం లేదు కాబట్టి అన్నం తెచ్చుకున్న స్టీలు డబ్బా మూతను ఎదురుగా ఒక రాయికి ఆనించి పెట్టాడు. పదకొండు దెబ్బల్లో కన్ను తెరిచాడు.

నేను గ్లాసు మళ్లీ చేతికి తీసుకుని, తాగకుండానే కింద పెట్టాను.

"ఆ పిల్ల అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదయ్యా?"

"దాని మొగం చూసినావు గదా. ఎట్ల చెప్పేది?"

"అయితే ఇంక చెప్పొద్దులే. ఎవరికి తెలుస్తాది? మూడేండ్ల చదువు పాపం."

నిజం చెప్పాలని పిల్లల వీపులు వాయగొట్టిన చేతులు ఇవి. ఆ పూట మొగుణ్ని నోరు మూసుకోమన్నాను. రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అప్పుడు మాత్రం సిగ్గు అనిపించలేదు.

ఈయన తల అడ్డంగా ఊపాడు. "ఆయప్పను గురించి ఇంత పెద్ద పుస్తకం రాస్తాంది ఆ పాప. ఆయప్ప చెయ్యని పని గురించి. నేను ఒక మాట అబద్ధం చెప్తి, ఇంక వెయ్యేండ్లు అదే చెప్పుకుంటారు. ఈ చేత్తో శుక్రారం ఆంజనేయుని కన్ను ఎట్ల తెరిచేది?"

నాలుగు వేల ఏళ్ల కిందటి మనిషిని ఈయన 'ఆయప్ప' అన్నాడు, పక్క షెడ్డులో పనిచేసే వాణ్ని అన్నట్టు. అది విన్నాక నేను ఇంక వాదించలేదు.

గురువారం ఇద్దరం బస్సెక్కాం. నంద్యాలలో దిగి, వాళ్ల అంగడి వెతుక్కుంటూ వెళ్లాం. కింద అంగడి, మేడ మీద ఇల్లు. వర్షిణి మమ్మల్ని చూసి సంతోషంతో ఎగిరి గంతేసి కుర్చీలు వేసింది. ఈయన కూర్చోకుండానే మొత్తం చెప్పేశాడు. నేలను చూస్తూ, మెట్లు దిగేవాడిలా ఒక్కొక్క మాటే వదిలాడు.

ఆ పిల్ల మొదట అర్థం కానట్టు నా వైపు చూసింది. తర్వాత మొహం ఎర్రబడింది.

"మరి ఆ పొద్దు వస్తాదిలే అన్నావు గదా తాతా! నువ్వు చెప్పినావనే నేను మా గైడ్‌తో పోట్లాడినా! మూడేండ్లు! ఎండలో గుట్టలన్నీ తిరిగినా!" మీరు పోయి నువ్వు వచ్చింది, దానికి నేనేమీ నొచ్చుకోలేదు. కోప్పడడానికి ఆ పిల్లకు అన్ని హక్కులూ ఉన్నాయి. కళ్లు తుడుచుకుని మళ్లీ అడిగింది. "సరే. నువ్వు ఉలి పెట్టకముందు ఆడ ఏముండె? చిన్న చుక్కన్నా ఉండెనా? గీత ఉండెనా? ఏం లేదా?"

ఈయన కళ్లు మూసుకున్నాడు. "జ్ఞాపకం లేదు పాపా. ఒక పొద్దు ఉందనిపిస్తాది, ఒక పొద్దు లేదనిపిస్తాది."

"జ్ఞాపకం లేదంటే ఎట్ల? దాన్ని ముందు చూసినోడివి లోకంలో నువ్వొక్కడివే!" అంది. మెల్లగానే అంది, కానీ ఈయన ఆ మాటకు గోడ పట్టుకున్నాడు.

మర్నాడు ఆంజనేయుడి కన్ను తెరిచాడు. ఆవూ దూడా వచ్చాయి, అద్దం పెట్టారు, సుందరరాజు కొబ్బరికాయ కొట్టాడు. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి, "కొంచెం బరువు తగ్గె. అయినా ఆ పాప అడిగిన దానికి జవాబు చెప్పలేకపోతి" అన్నాడు.

ఎనిమిది రోజుల తర్వాత వర్షిణి ఫోన్ చేసింది. "తాతా, నువ్వు ఒకసారి ఆ గుండు ముందర నిలబడాల. అప్పుడన్నా జ్ఞాపకం వస్తాదేమో" అంది. గొంతులో ఇంకా కోపం ఉంది. మేం కొలిమిగుండ్ల దాకా బస్సులో వెళ్లాం, ఆమె అక్కడ ఆటోతో ఎదురుచూస్తోంది. దారి పొడవునా శనగ చేలు. మొన్నటి తుఫాను వానకు నల్లరేగడి ఇంకా ఆరలేదు.

గుట్ట చిన్నదే గానీ నా మోకాళ్లకు అదే కొండ. పైకి చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. గాలి లేదు. కింద చేలల్లో ఎవరో మనిషిని పిలుస్తున్న కేక చాలా దూరం నుంచి, ఇంకో కాలం నుంచి వచ్చినట్టు వినిపించింది. ఆ ఎద్దు నేను అనుకున్నదానికంటే పెద్దది. దాని కన్ను మా ఆయన చేతి కన్నే. వేరే ఎవరు చూసినా తెలియదేమో, నాకు చూడగానే తెలిసింది. నన్ను ఎవరో పిలిచినట్టయింది.

ఈయన దాని ముందు నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడినా ఏమీ గుర్తు రాలేదు. వర్షిణి భూతద్దంతో గుంట లోపల వెతికింది. ఉలి వెళ్లిన లోతులో పాతది ఏమీ మిగలలేదు.

"అవ్వా, ఈడ పుట్ట ఉండెనే!" అని ఉన్నట్టుండి అరిచింది. గుండుకు ఎడమ పక్కన నడుమెత్తు చెదపుట్ట ఒకటి ఆనుకుని ఉండేదట, ఆమె ఎండాకాలంలో తీసిన ఫోటోలో కూడా ఉంది. తుఫానుకు అది కూలి మట్టికుప్పయింది. పుట్ట ఆనుకున్న చోట రాయి బయటపడింది. దాని మీద ఒక దూడ.

జానెడు దూడ. తల్లి వైపు తల తిప్పి, తోక ఎత్తి ఉంది. అంటే ఇన్నాళ్లూ ఎద్దు అనుకున్నది ఆవేనేమో, నాకు తెలియదు. పుట్ట కట్టినప్పటి నుంచి దాన్ని ఎవరూ చూడలేదు. మా ఆయన కూడా చూడలేదు. ఆయన వంగి చెయ్యి చాచాడు.

"ముట్టొద్దు తాతా!"

ఆయన చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకుని, రెండు చేతులూ వీపు వెనక కట్టుకున్నాడు. తప్పు చేసి బల్ల పక్కన నిలబడ్డ పిల్లవాడిలా. ఆ చేతులు ఎన్ని కళ్లు తెరిచాయి!

అలాగే చేతులు కట్టుకుని నేల మీద కూర్చున్నాడు. కొత్త రాయి ముందు కూర్చున్నట్టే కూర్చున్నాడు. నేనూ వర్షిణీ గుండు నీడలోకి జరిగి, తెచ్చుకున్న చిత్రాన్నం తిన్నాం. కన్ను లేదే అని భక్తితోనే చేశాడని ఆ పిల్లకు సర్దిచెప్పబోయాను, వినీ విననట్టు తింది. నీడ అడుగు జరిగింది, రెండడుగులు జరిగింది. నాకు కునుకు పట్టింది. కునుకులో ఎవరో రాయితో రాయిని పొడుస్తున్న చప్పుడు వినిపించింది. టక్ టక్ టక్, ఆగి, మళ్లీ టక్. కళ్లు తెరిస్తే ఏమీ లేదు, మా ఆయన గొంతు.

"పాపా, నీ భూతద్దం ఇటు తే. దూడకు కన్ను ఉండాల్సిన చోట చూడు."

ఆమె వచ్చి వంగి చూసింది.

"కన్ను లేదు తాతా."

"కన్ను లేదు. రాయి ఎట్లుంది? మిగతా తలంతా పొడిచినాడు, గరుకు ఉంది. ఆ చోట?"

వర్షిణి చాలాసేపు చూసింది. "నున్నగా ఉంది" అంది మెల్లగా. "మెరుస్తాంది. ఇది... నూరినారా దీన్ని?"

"నూరినాడు. రాయితో, నీళ్లతో, ఎన్ని దినాలు పట్టిందో ఏమో. పొడవడం సులభం. గట్టి రాతిని అంత నున్నగా నూరడం కష్టం. అన్నిటికంటే ఎక్కువ పని ఆడే చేసినాడు ఆయప్ప." ఈయన బొటనవేలు పైకెత్తి చూసుకున్నాడు. "జ్ఞాపకం వచ్చె పాపా. ఉలి పెట్టకముందు వేలితో తడిమినా. పెద్దదానికి గూడా నున్నగా ఉండె, అద్దం మాదిరి. నేను ఏమనుకుంటినో తెలుసునా? కన్ను పెట్టనీకి చోటు తయారు చేసి పోయినాడు, నాకోసరమే పెట్టి పోయినాడు అనుకుంటి."

"అంటే..."

"మరిచిపోలే. ఆయప్పకు పని అయిపోయింది. ఆ నునుపే కన్ను."

నున్నటి చోట ఎండ పడితే కొంచెంగా మెరుస్తోంది. దూడ చూస్తున్నట్టే ఉంది. దేన్ని చూస్తోందో చెప్పలేం, అన్నిటినీ చూస్తోంది. పక్కన తల్లి మా ఆయన పెట్టిన కన్నుతో ఒక్క చోటనే, మనిషిలా చూస్తోంది. ఆ రెంటినీ పక్కపక్కన చూస్తే దుఃఖం ఆగలేదు, పైట అడ్డం పెట్టుకున్నాను.

వర్షిణి పుస్తకం తీసింది. ఇక ఆమె చేతిలో కోపం లేదు, పని ఉంది. ఏడాది అడిగింది, ఊరి పేరు అడిగింది, ఉలి ఎంత లావుదో అడిగింది. ఈయన అన్నీ చెప్పాడు. ఆమె రాయడం ఆపి, "పేరు లేకుండా రాయొచ్చు తాతా. స్థానిక శిల్పి ఒకరు అంటే చాలు" అంది.

"పేరు రాయి."

ఇన్ని వందల విగ్రహాలు చేసిన మనిషి, ఒక్క పీఠం మీద కూడా పేరు చెక్కుకోలేదు. మా వాళ్లలో అది పద్ధతి కాదు. ఆమె రాసింది. రాసి, పైకి చదివింది.

"ఈ బొమ్మకు కనిపించే కన్ను ప్రాచీనమైనది కాదు. నలభై రెండేళ్ల కిందట ఆళ్లగడ్డకు చెందిన శిల్పి గురుస్వామి తెలియక ఇనుప ఉలితో తొలిచినది. అంతకుముందు ఆ చోటు నున్నగా నూరి ఉండేదని ఆయన సాక్ష్యం."

"తెలియక అనేది కొట్టెయ్."

"తాతా, నువ్వు తెలిసి చేసినావా ఏంది? కన్ను లేదే అని భక్తితో చేసినావు. అవ్వ కూడా అదే చెప్పింది."

"అవ్వకు నేను అట్ల చెప్తి." ఈయన నా వైపు చూడలేదు. "ఆ పొద్దున నంది కన్ను నేను తెరుస్తా అంటి. ఆరు నెలలు నా చేత్తోనే చేసిన నంది. అందరి ముందర మా నాయన ఉలి లాక్కున్యాడు. నీకు ఇంకా రాదు, అవతలికి పో అనె. ఆ కోపంతో ఈడికొస్తి. దీన్ని చేసినోడు అడగనీకి రాడని తెరిచినా. నాకూ వస్తాదని చూపిచ్చుకోనీకి. వేరే వాని పని అని తెలుసు. తెలిసే చేసినా."

నలభై ఒక్క ఏళ్లు కాపురం చేసి, ఆ మాట నేను మొదటిసారి అక్కడే విన్నాను.

వర్షిణి 'తెలియక' అన్న ఆ ఒక్క మాట కొట్టేసింది. ఈయన మళ్లీ చదవమన్నాడు. ఆమె మళ్లీ చదివింది, నెమ్మదిగా. ఈయన తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

"ఇప్పుడు సరిపాయె," అన్నాడు.